రెండు సర్వర్లు, ఒక వార్డు

గాజియాబాద్‌లోని మా ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగమంటే మేమిద్దరమే, నేనూ మా సారూ. సారుది కరీంనగర్ వైపు, నాది తెనాలి. మాటతీరులు వేరైనా పనిలో మాకెప్పుడూ పేచీ రాలేదు, కొత్త సర్వర్ కొనాల్సి వచ్చేదాకా.

రోగుల వివరాలు, మందుల చార్టులు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ బేస్‌మెంట్‌లో ఉన్న ఒక్క సర్వర్‌లోనే ఉండేవి. వార్డుల్లో నర్సుల ముందుండే కంప్యూటర్లన్నీ ఏది కావాలన్నా దాన్నే అడగాలి. అది బాగా పాతబడింది. సారు దాని ఫ్యాన్లు మార్చి, డిస్కులు మార్చి, సొంత స్కూటర్‌ని చూసుకున్నట్టు చూసుకుంటూ వచ్చారు. చివరికి అది నర్సుల ఓపికని కూడా తినేస్తోందని ఫిర్యాదులు పెరిగాక, యాజమాన్యం కొత్తది కొనడానికి ఒప్పుకుంది.

సారు స్వయంగా ఢిల్లీలోని కంప్యూటర్ల బజారు నెహ్రూ ప్లేస్‌కి వెళ్లి రెండు కొటేషన్లు తెచ్చారు. ఒకటి ఈ మధ్యే వచ్చిన తరం ప్రాసెసర్ ఉన్న సరికొత్త సర్వర్. రెండోది ఏదో పెద్ద కంపెనీ వాడి తీసేస్తే డీలరు శుభ్రం చేసి, వారంటీతో అమ్ముతున్న పాత తరం సర్వర్. దాంట్లో రెండు ప్రాసెసర్లు. కోర్లు, అంటే పని పంచుకునే చేతులనుకోండి, కొత్తదానికంటే రెట్టింపు పైన. ధర మాత్రం కొత్తదానిలో చిన్న భాగం.

"గిన్ని కోర్లున్నయ్, గింత తక్కువల వస్తున్నది. ఇంకేం గావాలె?" అన్నారు సారు.

డీలరు ఇచ్చిన పనితీరు పట్టికలోనూ మొత్తం పనిలో రెండు ప్రాసెసర్ల ఆ పాత జంటదే పైచేయి. ఆ అంకెలు అబద్ధం కాదని నాకు తెలుసు. కానీ ఆ పరీక్షలో చేయించిన పని మా ఆసుపత్రి పని కాదు. మన దగ్గర ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ముందు చూసి, తర్వాత మాట్లాడతానన్నాను. సారు అడ్డు చెప్పలేదు.

మర్నాడు పొద్దున షిఫ్టు మారే వేళకి మూడో అంతస్తు వార్డుకి వెళ్లాను. అక్కడి ఇన్‌ఛార్జి సిస్టర్ నర్సాపురం ఆవిడ. చిన్న వయసులోనే ఢిల్లీ వచ్చి ఇక్కడి ఆసుపత్రుల్లోనే స్థిరపడ్డారు. నేను కొత్తగా వచ్చినప్పుడు, తన చర్చిలో తెలిసినవాళ్ల ద్వారా దగ్గర్లోని వైశాలిలో నాకు గది చూసిపెట్టింది ఆవిడే. అప్పటినుంచీ అక్కా అనే పిలుస్తాను. నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, ఒక రోగి పేరు మీద నొక్కారు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. ఎదురు మంచం మీది పెద్దాయన "దీదీ, దవాయీ?" అని మందు కోసం అడిగాడు. ఒక్క నిమిషం బాబూజీ అని ఆయనకి హిందీలో సర్దిచెప్పి, అక్క నా వైపు తిరిగారు.

"అందరూ కలిసి నొక్కినా ఇంతే, మధ్యాహ్నం నేనొక్కదాన్నే నొక్కినా ఇంతేనమ్మా. జనం ఎక్కువై ఆలస్యం అని మీ సారు అంటారు గానీ, నాకలా అనిపించట్లేదు."

ఆ మాటతో నాకు దారి దొరికింది. కిందికి వచ్చి సర్వర్ పనిచేసే తీరు గమనిస్తూ, అక్కకి ఫోన్ చేసి ఒక చార్టు తెరవమన్నాను. ఒక కోరు మాత్రం ఊపిరాడనంత పనిలో పడింది. మిగతావన్నీ ఊరికే ఉన్నాయి. మా సాఫ్ట్‌వేర్ ఒక చార్టు తయారుచేయాలంటే పాత మందులు, అలర్జీలు, రక్తపరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతుంది. మొదలుపెట్టిన కోరే చివరిదాకా చేయాలి, పక్క కోరు సాయం పట్టలేదు. అంటే మాకు కావాల్సింది ఎక్కువ చేతులు కాదు, వేగమైన చేయి. అక్కడే నా అభిప్రాయం స్థిరపడింది. అయినా మా విభాగంలో అభిప్రాయాలకంటే పరీక్షలకే విలువ.

డీలరుని బతిమాలి రెండు సర్వర్లనీ కొన్నాళ్లకి అరువు తెచ్చాం. రోగుల పేర్లు తీసేసిన డేటా నకలు రెండింటిలో పెట్టి, ఒక మామూలు ఉదయం వార్డులన్నీ ఏమేం అడిగాయో అవే రెండింటినీ అడిగించాం. పోటీ న్యాయంగా ఉండాలని సారే పట్టుబట్టారు. ఒకే రకం డిస్కులు, ఒకే పరిమాణం మెమరీ, ఒకే గది. పాత జంట మా బేస్‌మెంట్‌లో ఉన్నదానికంటే నయమే గానీ, చక్రం ఇంకా తిరిగేది, సగానికి పైగా కోర్లు ఖాళీగానే ఉండేవి. కొత్తదానిలో చార్టు నొక్కగానే తెర మీద ఉంది.

ఆ తర్వాత సారు తన పరీక్ష పెట్టారు. స్కాన్ బొమ్మలన్నీ కుదించి బ్యాకప్ తీసే పని. అది కోర్లన్నీ పంచుకోగల పని. దాంట్లో పాత జంట కొత్తదాన్ని చాలా వెనక పడేసింది. సారు మొహంలో సంతోషం చూడాలి. నాకూ సంతోషమే వేసింది. ఏది ఎందుకు పనికొస్తుందో మాకిప్పుడు తెలుసు.

ఇక ధర సంగతి మిగిలింది. వార్డులు ఇంకొన్నేళ్లు ఓపిక పడితే ఆ చవక సర్వర్‌తో బోలెడు మిగులుతుంది కదా అని యాజమాన్యం అంటే ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. రెండు రోజుల తర్వాత సారు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, నా లెక్క తప్పింది. మన చార్టులుండే డేటాబేస్ కంపెనీవాళ్లకు ఫోన్ జేసిన. లైసెన్సుకు పైసలు కోర్ల లెక్కన కట్టాలంట. అవి పనిజేసినా, ఖాళీగున్నా కట్టుడే."

ఆ విషయం నాకు తట్టనే లేదు. వాడని కోర్లన్నిటికీ ఏటా కట్టుకుంటూ, మే నెల ఎండలో అవి పుట్టించే వేడి చల్లార్చడానికి ఏసీ నడుపుకుంటూ పోతే చవగ్గా వచ్చిన సర్వరే చివరికి ఖరీదైనదవుతుంది. సారు ఆ ఫోన్ చేయకపోతే మొదటి బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలిసేది కాదు. తన వాదనని తనే వెళ్లి పరీక్షించి, ఓడిందని నాకు చెప్పడానికి వచ్చిన మనిషి ముందు నేను కూర్చుని ఉండలేకపోయాను. లేచి కుర్చీ వేశాను. ఇద్దరం కలిసి ఒకే ప్రతిపాదన రాశాం.

మీటింగులో మాట్లాడే పని సారు నాకే అప్పగించారు. మా డైరెక్టర్ ఢిల్లీలోనే పుట్టి పెరిగిన డాక్టరమ్మ. ఇవాళ కొత్తదన్నది రెండేళ్లలో పాతదవుతుంది, అప్పుడు మళ్లీ వస్తారా అని హిందీలో అడిగారు. తప్పకుండా పాతదవుతుంది మేడమ్, అన్నాను. అయితే మార్కెట్లో ఇంకా వేగమైనది వచ్చినంత మాత్రాన మనది నెమ్మదించదు, ఒక్కో చార్టుకి చేసే పని పెరిగితేనే మళ్లీ వస్తాం అన్నాను. పుట్టిన సంవత్సరం చూసి కాకుండా చేయాల్సిన పని చూసి ఎంచామని చెప్పి, వార్డులకి కొత్తది, బ్యాకప్‌లకి పాతది అడిగాను. బ్యాకప్‌కి వాడేది ఉచిత సాఫ్ట్‌వేర్ కనుక అక్కడ లైసెన్సు బెడద లేదు. ప్రతి మాట వెనకా మేం కళ్లతో చూసింది ఉంది.

ఆవిడ కాసేపు కాగితాలు తిరగేసి, "ఠీక్ హై. దోనోం లే లీజియే" అన్నారు. రెండూ తీసుకోమని.

ఆదివారం సర్వర్లు బిగించి, సోమవారం పొద్దున్నే వార్డుకి వెళ్లాను. అక్క ఒక పేరు మీద నొక్కారు. చార్టు వచ్చేసింది. ఆవిడకి నమ్మకం కుదరలేదు. ఇంకో పేరు నొక్కారు. మళ్లీ మొదటి పేరుకి వెళ్లారు.

"ఇది పాత చార్టే తెచ్చి చూపించట్లేదు కదా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే కిందికి జరిపి, తెల్లవారుజామున ఇచ్చిన ఇంజెక్షన్ నమోదై ఉందో లేదో చూసుకున్నారు. ఉంది. అప్పుడు తలూపి, మందుల ట్రాలీ తోసుకుంటూ ఎదురు మంచం దగ్గరికి వెళ్లిపోయారు. ఆ పొద్దున నైట్ డ్యూటీ అమ్మాయిలు చాలా రోజుల తర్వాత వేళకి డ్యూటీ అప్పగించి ఇళ్లకి బయల్దేరారు. నేను మెట్లు దిగి, సారుకి ఆ సంగతి చెప్పడానికి బేస్‌మెంట్‌కి వెళ్లాను.