తలాపున ఉన్నది ఇనుమేనా

చెల్పూర్ పక్కనున్న ఆ వాడలో ఎవరింట్లో కాన్పయినా, తల్లీపిల్లా ఇంటికి రాగానే పోశమ్మకు కబురు వస్తుంది. ఆమె మంత్రసాని కాదు. కాన్పులన్నీ ఇప్పుడు దవాఖానలోనే. ఆమె పని ఆ తర్వాత మొదలవుతుంది. పీట మీద కాళ్లు చాపి కూర్చుని, పసిదాన్ని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి వేడినీళ్లు పోస్తుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, తల్లి హడలిపోతుంది, పోశమ్మ మాత్రం వాడ సంగతులన్నీ చెప్పుకుంటూ పోస్తూనే ఉంటుంది. ఆఖరున సాంబ్రాణి పొగ పట్టి, పిల్లను తల్లి పక్కన వేసి, తలాపున ఒక ఇనుప ముక్క పెట్టి లేస్తుంది. కొడవలో, చాకో, ఏదీ దొరక్కపోతే పాత గొళ్లెమో. ఇనుముంటే గాలీ ధూళీ దగ్గరికి రావు. అది నీ నమ్మకమా అని ఎవరైనా అడిగితే ఆమెకు ఒళ్లు మండుతుంది.

"నమ్ముడేంది? గది అట్లనే ఉంటది" అంటుంది.

ఊరందరి పిల్లలకూ ఇనుము పెట్టిన ఆ మనిషి సొంత మనవరాలికి పెట్టలేకపోయింది. బిడ్డ కరుణకు మొదటి కాన్పు నెలలు నిండకుండానే అయింది. పిల్లను దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. పోశమ్మ కొంగుముడిలో దాచి తెచ్చిన చిన్న చాకును నర్సు చూసి బయట పెట్టించింది. ఆ పిల్ల దక్కలేదు. ఊపిరితిత్తులు ఎదగలేదని డాక్టర్లు చెప్పారు. పోశమ్మ విన్నది, తల ఊపింది, కానీ ఆ చాకు బయటే ఉండిపోయిందన్న బాధ ఆమెను వదల్లేదు.

ఆ రోజు ఆమెను గుచ్చింది ఇంకొకటి కూడా ఉంది. అల్లుడు సాయి ఏడవలేదు. దవాఖాన బల్ల మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. ఆమె పక్కనుంచి పోతూ తొంగి చూస్తే, ఫోన్లో ఎవరో ఒక కత్తిని తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మళ్లీ తెరుస్తున్నాడు. పిల్ల పోయిన పూట కత్తుల వీడియోలు చూసే మనిషిని ఏమనుకోవాలి? పోశమ్మకు అర్థం కాలేదు. అసలే ఆమె తరం అత్తలు అల్లుళ్లతో నేరుగా మాట్లాడరు, ఏదున్నా బిడ్డతోనే చెప్పిస్తారు. అందుకని ఆమె మనసు విరిగిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు కరుణకు రెండో కాన్పయింది. ఆడపిల్ల, నిండు నెలల పిల్ల. పోశమ్మ మొదటి రోజే ఇంట్లోని కొడవలి తెచ్చి తలాపున పెట్టింది. పిల్లను చూడ్డానికి వచ్చిన ఆశా కార్యకర్త దాన్ని చూసి, ఇంత తుప్పు పట్టిన దాన్ని పసిపిల్ల దగ్గర ఉంచుతారా అని చీవాట్లు పెట్టి పోయింది. సాయంత్రం కరెంటు ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చిన సాయి సంగతి విని కొడవలి తీసేశాడు. మర్నాడు దాని చోట తన మడత కత్తి పెట్టాడు. అరచేతిలో పట్టేంత కత్తి, లేత నీలం పిడి. మూస్తే పదునైన అలుగు పిడిలోకి పోతుంది.

"నా కత్తికి తుప్పు పట్టదని మీ అమ్మకు చెప్పు" అన్నాడు కరుణతో. పోశమ్మ గోడ అవతల నుంచే విని ఊరుకుంది. అల్లుడు ఎట్లాంటివాడైనా కత్తి కత్తే కదా అనుకుంది.

వారం తిరిగేలోగా ఆదివారం పూట సాయి కోసం ఇద్దరు స్నేహితులు వచ్చారు. ఫోన్లో కత్తుల ఇష్టం ఉన్నవాళ్లంతా ఒక గ్రూపట, అందులో పరిచయం. ఒకతను హరీశ్, జనగామలో గడియారాలు బాగు చేస్తాడు. రెండో అతను తుల్సీరాం, కొత్తగూడ వైపు తండా నుంచి వచ్చాడు, వెల్డింగు పని. బాలింతకని యాపిల్ పండ్లు తెచ్చారు, పిల్లకు గౌను తెచ్చారు. పిల్ల బుగ్గ తాకి "మంచిగున్నది" అన్నారు. అక్కడితో పిల్ల సంగతి అయిపోయింది.

"అన్నా, ఏది మరి?" అన్నాడు హరీశ్.

సాయి లోపలికి పోయి, పిల్ల తలాపు నుంచి కత్తి తెచ్చాడు. హరీశ్ చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని మరీ అందుకున్నాడు. పిల్లను ముట్టుకున్నప్పుడు ఆ జాగ్రత్త లేదే అనుకుంది పోశమ్మ. అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టాడు. టిక్కుమని తెరుచుకుంది.

"అబ్బ! ఆ సప్పుడు విన్నవా తుల్సీ?"

"లోపల బేరింగులున్నయి కదనే. నూనె సుక్క ఏసినట్టు పోతాంది." తుల్సీరాం దాన్ని మూసి వెలుతురుకేసి పట్టి ఒక కన్ను మూశాడు. "సూడు, అలుగు నట్టనడుమకొచ్చింది. ఇటు తాకలే, అటు తాకలే. లాకు సూడు, ఏరే ముక్క పెట్టలే, పిడినే కోసి లాకు చేసిండ్రు."

చాయ్ తెచ్చిన పోశమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ముగ్గురు మగవాళ్లు పనీపాటా మాని కత్తిని తెరవడం, మూయడం, నిట్టూర్చడం. ఆమె జీవితమంతా కొడవలితో గడిపిన మనిషి. కొడవలిని చూసి నిట్టూర్చినవాళ్లను ఎన్నడూ చూడలేదు. ఉండబట్టలేక అడిగేసింది.

"దీనితోని ఏం కోస్తరు బిడ్డా?"

హరీశ్ ఇబ్బందిగా నవ్వాడు. "ఏం కోయమవ్వా. మంచిగుంటది అంతే. రాత్రి నిద్రపట్టనప్పుడు తెరుసుకుంట మూసుకుంట కూసుంటే మనసు జర నిమ్మలమైతది."

అర్థం కాలేదు. ఆ తర్వాత యాపిల్ పండ్లు కోయడానికి వాళ్లు ఇంట్లో చాకు అడిగారు. అదీ అర్థం కాలేదు. చాకు తెచ్చి ఇచ్చి వెనక్కి తిరగబోతుంటే తుల్సీరాం మాట చెవిన పడింది.

"చేతిల పట్టుకుంటే ఏం లేనట్టే ఉన్నది. గిదే టైటానియం గొప్ప. ఇనుము కాదు కదా."

పోశమ్మ కాళ్లు ఆగిపోయాయి.

"ఇనుము కాదా?"

"కాదవ్వా. ఇది ఏరే లోహం. విమానాలల్ల వాడుతరు."

అంటే ఇన్ని రాత్రులూ పిల్ల తలాపున ఏమీ లేదన్న మాట. మొన్న పొద్దుగూకే వేళ పిల్ల ఉలిక్కిపడి ఏడిస్తే పొట్టనొప్పి అనుకుంది. విమానంలో వాడేది ఏ గాలిని ఆపుతుంది? అద్దాల పెట్టె కళ్ల ముందు ఆడింది. మళ్లీ అదే అయిందని, ఈసారి తన ఇంట్లోనే, తన కళ్ల ముందే అయిందని ఆమెకు అనిపించింది. కరుణను పిలిచి చెప్పించేంత ఓపిక ఆమెకు లేదు.

"పిల్ల తలకాడ పెట్టినం దీన్ని! బాలింత ఇంట్ల ఇనుము పెట్టాలె కద! ఇన్ని రాత్రులు ఇనుమున్నట్టా, లేనట్టా? గదొక్కటి చెప్పుండ్రి."

స్నేహితులిద్దరూ ముఖాలు చూసుకున్నారు. నవ్వుతారేమో అనుకుంది. నవ్వలేదు. తుల్సీరాం ఇంట్లోనూ పురిటి గదిలో చాకు పెట్టే పద్ధతి ఉంది. అతను నిటారుగా కూర్చున్నాడు.

"పిడి మాత్రమే టైటానియం అవ్వా. అలుగు స్టీలు. స్టీలంటే ఇనుమే. ఉన్నట్టే."

"ఎట్లయితదే? స్టీలుల క్రోమియం ఉంటది, కార్బన్ ఉంటది. ఉత్త ఇనుమంటే తుప్పు పట్టదా?" అన్నాడు హరీశ్.

"పాల్ల నీళ్లు కలిపితే పాలు కాకుండ పోతయా?"

"సరే, ఇనుమే అనుకో. మూసి పెట్టిండ్రు కదా. ఇనుము లోపలున్నది, టైటానియం బయటున్నది. గాలికి ఏది కనబడుతది?"

"గాలికి కండ్లున్నయా?"

"మరి తెరిచి పెట్టాలెనా? పసిపిల్ల కాడనా?"

ఇద్దరూ పాపం మనస్ఫూర్తిగానే తగువులాడుతున్నారు. అందువల్ల పోశమ్మ తల మరింత తిరిగింది. ఒకడు ఉందంటాడు, ఒకడు ఉన్నా లేనట్టే అంటాడు. ఇనుమంటే ఇనుమే అనుకుని బతికిన మనిషికి, ఇనుము సగం ఉంటుందని, మరోదాని లోపల దాక్కుంటుందని ఇప్పుడు తెలిస్తే ఏం చేస్తుంది? గోడకు ఆనుకుని అక్కడే కూర్చుంది. పిల్ల కదిలితే కరుణ లోపల జోకొడుతున్న చప్పుడు వినబడుతోంది.

"అయస్కాంతముంటే తేలుతుండె" అన్నాడు తుల్సీరాం. "ఇంట్ల పాత స్పీకరేమన్న ఉన్నదా అవ్వా?"

అప్పుడు సాయి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. గుండీ అంత అయస్కాంతం ముక్క తీశాడు. కత్తి తెరిచి, పిడికి తాకించాడు. జారిపోయింది. అలుగుకు తాకించాడు. టక్కున అతుక్కుంది.

"ఉన్నదత్తమ్మా" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. "కొడవలి తీసిన నాడే నాకు పరేషానైంది. దీంట్ల ఇనుమున్నదో లేదోనని ప్లాంటుల అడిగి ఇది తెచ్చుకున్న. పెట్టి చూసినంకనే తలాపుకు పెట్టిన. రోజు వచ్చినంక ఒకసారి చూస్త."

"రోజు ఎందుకన్నా? స్టీలు యాడికి పోతది?" అన్నాడు హరీశ్.

సాయి అయస్కాంతాన్ని అలుగు మీద అటూ ఇటూ జరుపుతూ ఉన్నాడు.

"ఏమో. పెద్దదాని కాడ ఏం పెట్టనియ్యలే కద."

అయస్కాంతాన్ని ఊడదీసి, తల దించుకుని కత్తి మూశాడు.

పెద్దది. అద్దాల పెట్టెలో పోయిన ఆ పిల్లను ఇంట్లో ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు. పోయింది అన్నారు, దక్కలేదు అన్నారు, మొదటి కాన్పు అన్నారు. పోశమ్మ కూడా అంతే. ఆ పిల్లకూ ఈ ఇంట్లో ఒక వరస ఉందని, ఇప్పుడు దానికి చెల్లెలు పుట్టిందని అనుకున్నవాడు ఈ ఒక్కడే. ఏడవని మనిషని ఇన్నాళ్లూ ఇతని మీదే కోపం పెట్టుకుంది. ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి.

కొంగుతో ముఖం తుడుచుకుని లేచి వచ్చి, ఆ ముగ్గురి మధ్య, అల్లుడికి ఎదురుగా చాప మీద కూర్చుంది.

"మల్లొక్కసారి పెట్టు కొడుకా" అంది. "నేను సరిగ సూడలే."