భూతద్దం గారి వేళ్లు లావెక్కిన వైనం

చేతి గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా భూతద్దం గారనే పిలిచేది. కంటికి బిగించిన అద్దంతోనే ఒక్కోసారి భోజనానికీ కూర్చునేవారు. అప్పుడు కూరలో ఉప్పు తప్ప అన్నీ కనిపించేవట.

కొన్నేళ్లుగా మరలు ఆయన వేళ్ల మధ్య నిలవడం మానేశాయి. మరలే చిన్నవవుతున్నాయని తీర్మానించారు. "కంపెనీలవాళ్లకి పిసినారితనం ముదిరిందండీ, ఇనుము మిగుల్చుకుంటున్నారు" అని వచ్చినవాళ్లందరికీ ఉపన్యసించి, పట్టకార్లు మార్చారు. ఉంగరం ఇరుకైతే బంగారాన్ని, చెప్పులు బిగిస్తే తోలునూ తిట్టారు. లోకమంతా కుంచించుకుపోతోందే తప్ప, తానే పెరుగుతున్నానన్న అనుమానం ఆ మహానుభావుడికి రాలేదు.

ఆసుపత్రి ల్యాబులో పనిచేసే మేనకోడలు చాన్నాళ్లకు చూడవచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మామయ్యా, ఆ ముక్కేంటి? ఆ దవడేంటి?"

"రోజూ చూసే ముఖం, నాకేం తెలుస్తుందే?" అంది ఆయన భార్య. "పెద్దరికం వస్తోందనుకున్నా."

మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి లేచి, ఎదుగుదల హార్మోనును అడ్డూ ఆపూ లేకుండా వదులుతోందని తేలింది. వైద్యులు ముక్కు దారిన వెళ్లి చాలావరకు తీశారు. రక్తనాళాన్ని అంటుకున్న కాస్త ముక్క మిగిలిపోయింది. అది మళ్లీ పెరిగితే దుకాణానికి తాళమే.

మేనకోడలు తన ల్యాబులో, ఆయన కణితిలోంచి కోసిన పలుచటి పొర పెట్టిన మైక్రోస్కోపు ముందు ఆయన్ని కూర్చోబెట్టింది. గోధుమరంగు చుక్కలు బారులు తీరి కనిపించాయి.

"ఆ రంగు పట్టిన చోటల్లా ఒక ప్రోటీను ఉన్నట్టు, మామయ్యా. కణంలో ఏ జన్యువు పనిచేయాలో, ఏది నోరుమూసుకోవాలో చెప్పేది అదే. దాన్నిబట్టే ఈ కణితి ఏ జాతిదో తెలిసింది."

"మేస్త్రీ అన్నమాట. గడ్డని పెంచమన్నదీ ఈయనేనా?"

"ఈయనొక్కడి మీదే నేరం మోపలేం. మంచి గ్రంథిలోనూ ఉంటాడు. ఇక్కడ ఆపమనే మాట కణాలకి ఎక్కట్లేదు."

"మరి మిగిలిన ముక్క?"

"మిగతా పరీక్షలూ చూశాం. నెమ్మది రకమే, ఇంజెక్షన్లకి లొంగేలా ఉంది. పెరిగిన ఎముక తగ్గదు కానీ వేళ్ల వాపు తీస్తుంది. దుకాణం తెరువు. పరీక్షలు మాత్రం ఎగ్గొట్టకు."

ఇక్కడ ఎవరైనా కళ్లు తుడుచుకోవాలి. ఆయనకు తీరిక లేదు.

"ఈ మేస్త్రీకి ఎవరు చెబుతారే?"

"ఇంకో ప్రోటీను."

"దానికో?"

"అత్తయ్య బయట ప్రాణాలు బిగబట్టుకుని కూర్చుంది. ముందు ఆవిడకి చెప్పి రా!"

ఆయన తలుపు సందులోంచి "దుకాణం తెరవచ్చటే!" అని ఒక కేక పెట్టి, గబగబా వచ్చి మళ్లీ స్టూలెక్కారు.

"ఊఁ, చెప్పు. దానికెవరు చెబుతారు?"