కత్తిరి ఎండలో దుప్పటి

మొన్నొక మధ్యాహ్నం అట్టకు కాగితాలు తగిలించుకొని ఒక కాలేజీ పిల్ల ముత్తియాల్‌పేటలోని మా ఇంటికి వచ్చి, ఈ వీధిలో ఏ ఇంటికి ఎంత కరెంటు పడుతుందో రాసుకుంటున్నాం తాతా, మీకు ఏసీలు ఎన్ని అని అడిగింది. ఇప్పటి ముచ్చట వదిలెయ్యమ్మా, ఇదే చోట మా నాయన కట్టిన ఇంట్లో ఫ్యాను అనేదే లేదు, నడి వేసవి కత్తిరి ఎండల్లో సైతం దుప్పటి కప్పుకొని పడుకునేవాళ్లం అని చెప్పాను. పాపం, ఆ పిల్ల దుప్పటిని కూడా రాసుకుంది.

నా ఈడువాళ్లకు ఆ ఇళ్లు తెలుసు. దూలాల మీద ఇటుకలు పేర్చి, సున్నంలో బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపి, ఆడకూలీలు వరసగా కూర్చుని పాట పాడుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరచిన మిద్దె, మూరెడు మందం గోడలు, నట్టింట ఆకాశానికి తెరిచిన ముత్తం. సముద్రపు గాలి వీధి గుమ్మంలో దూరి, ముత్తంలో ఒక చుట్టు తిరిగి, వంటింట్లో చింతపండు పులుసు వాసన మోసుకొని పెరటి దారిన పోయేది.

ఇప్పుడున్నది కాంక్రీటు పెట్టె. పొద్దు కుంకినా గోడ మీద చెయ్యి పెట్టలేం. వీధంతా ఒక్కసారి ఏసీలు వేస్తే కరెంటు నీరసించి, మాది రెండు మూలుగులు మూలిగి ఆగిపోతుంది. ఒళ్లంతా చెమటకాయలతో విసిగిపోయిన నా భార్య, వానలు పడేదాకా విల్లియనూరులో తమ్ముడి పెంకుటింట్లో ఉంటానని ఆ మధ్యాహ్నమే లోపల సంచి సర్దుకుంటోంది. ఆమె లేకుండా ఈ పొయ్యిలో నేనొక్కణ్ణీ ఎలా వేగాలో తెలియక, ఆ కోపమంతా ఈ పెట్టె కట్టిన కాంట్రాక్టరు మీదకు తోశాను. బంగారం లాంటి ఇంటిని వాడే నాశనం చేశాడని ఆ పిల్లకూ చెప్పాను. వీధిలో ఎన్నేళ్లుగానో అదే చెబుతున్నాను.

మీ దగ్గర దాచడమెందుకు? ఫ్యాను ఉండేది. ఒకే ఒక టేబులు ఫ్యాను, అది నాయన వైపే తిరిగేది. దుప్పటి మార్గశిరంలోది. కాంట్రాక్టరు పాపం నేను చెప్పిందే చేశాడు. మిల్లులో ఉద్యోగం ఖాయమై స్కూటరు కొన్న కొత్తలో, ముత్తంలో పెట్టే బండి వానకు తడవకూడదనీ, పక్కింటివాళ్లలా మనకూ కాంక్రీటు ఉండాలనీ సున్నపు మిద్దెనూ మూరెడు గోడలనూ పగలగొట్టించి, ముత్తం మీద స్లాబు వేయించింది నేనే. ఆనాడు నాయన, “ముత్తం ఇంటికి ముక్కురా, దాన్ని మూస్తివంటే ఇల్లు యాడ ఊపిరి తీసుకుంటాది?” అన్నాడు. ముక్కుకు స్కూటరు అడ్డమా అని నవ్వాను. ఆ స్కూటరు తుక్కు కింద పోయి ఎంతకాలమైందో! మూసిన ముక్కు మాత్రం అలాగే ఉంది. ఏ గాలి ఎటు నుంచి వస్తుందో తెలిసి ఇల్లు కట్టినవాళ్లు పోయారు. గాలికి తలుపు మూసి, చల్లదనాన్ని మీటరు గుండా తెచ్చుకునే తెలివి మాకు మిగిలింది.

ఇదంతా నేనింకా పైకి అనలేదు. అట్ట మూసి లేవబోతున్న ఆ పిల్లతో, బెల్లమూ కరక్కాయా కలిసిన మిద్దె కదమ్మా, అందుకే అంత చల్లదనం అంటున్నాను. ఇంతలో నా భార్య సంచి చంకన పెట్టుకొని గుమ్మంలోకి వచ్చింది.

“బెల్లమా, మన్నా! ఈయన చెప్పింది కొట్టెయ్యి పాపా. ఎండాకాలమంతా సాయంత్రమైతే నేనూ మా అత్తా బావిలో చేది, కుడం కుడంగా నడుమున పెట్టి నీళ్లు మోసి, పైకెక్కి మొట్టమాడి మీద పోస్తిమి. ఈయన కింద కాళ్లు చాపుకొని, ‘మన ఇల్లు ఎంత చల్లగుందే’ అనె. ఆ ఇంటికి ఇంత కరెంటు పట్టలే, నిజమే. మా నడుములు పట్టేసినాయి. అది రాసుకో.”