మిక్సీ అక్క మంచం దిగని పొద్దు

మిక్సీ అక్క పరిశోధన వాళ్లని ఇంట్లోంచి తరిమేసిందని వీధంతా చెప్పుకుంటున్నారు. వట్టి మాట. తరమలేదు సరికదా, వాళ్లు లేచి వెళ్లబోతే ఆమే వెళ్లనివ్వలేదు.

పాడైపోయిన మిక్సీలకు ప్రాణం పోసే చెయ్యి ఆమెది. కాళ్లు మాత్రం చెప్పిన మాట వినవు. పొద్దున్నే సహాయకురాలు వచ్చి, స్నానం చేయించి, చక్రాల కుర్చీలోకి దించితేనే ముందుగదిలో కొట్టు తెరుచుకునేది. ఆ సహాయకురాల్ని పంపేది వికలాంగుల సాయం చూసే ఆఫీసు. ఎవరికి ఎంత సాయం కావాలో చూసి ఆఫీసుకి చెప్పేది ఈ పరిశోధన వాళ్లు.

మొదటిసారి వాళ్లొస్తున్నారంటే అక్క వదిన ఒకటే హడావుడి. అన్న చేత సెలవు పెట్టించింది. ఇద్దరూ కలిసి అక్కకి స్నానం చేయించి, జడ వేసి, ఇస్త్రీ బట్టలు తొడిగి కుర్చీలో కూర్చోబెట్టారు. అక్క మాత్రం తక్కువ తిందా? వచ్చినవాళ్ల ముందు మోటారు విప్పి బిగించి చూపించింది.

"మీ పనులు మీరే చేసుకుంటారా?"

"మరి ఎవరొచ్చి చేస్తారు?" అంది టెక్కుగా.

తెగ మెచ్చుకుని వెళ్లారు. ఆ మెప్పే కొంప ముంచింది. ఈమెకి సాయం అక్కర్లేదని ఆఫీసు సహాయకురాల్ని మాన్పించేసింది. వదిన ఒక్కతే ఎత్తలేదు. అన్న రాత్రి డ్యూటీ దిగి, బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నం. అందాకా అక్క మంచం మీదే, కొట్టు మూతే. మిక్సీలు వేరే కొట్లకి పోతున్నాయి.

అక్క ఊరుకుంటుందా! ఫోన్ల మీద ఫోన్లు చేసి, పోట్లాడి, వాళ్లని మళ్లీ రప్పించింది. ఈసారి పొద్దున్నే. గుమ్మంలో వాళ్లని చూడగానే వదిన దువ్వెన పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"నా తల ముట్టుకున్నావంటే ఊరుకోను వదినా!"

"పరువు పోతుందే తల్లీ!"

"పోనీ. మొన్న పరువు చూసుకునే కొట్టు మూసుకున్నాం."

చిక్కు జుట్టుతో, నలిగిన నైటీతో మంచం మీదున్న అక్కని చూసి పరిశోధన అమ్మాయి మొహమాటపడింది. "మేం బయటుంటాం మేడం, మీరు రెడీ అవ్వండి."

"ఆ రెడీ అవడమే చూడాలమ్మా మీరు! కూర్చోండి. నేను బాత్రూంకి వెళ్లాలి. మా అన్న వచ్చేది మధ్యాహ్నం. ఏం చెయ్యమంటారో చెప్పండి."

ఆ అమ్మాయితో వచ్చిన పెద్దమనిషి గోడకేసి చూశాడు. ఆ అమ్మాయి మాత్రం కాగితాలు కింద పెట్టి లేచింది. "ఎలా పట్టుకోవాలి?"

"చంకల కింద చేతులు వెయ్యి. నడుం కాదు, చంకలు! సార్, గోడ ఎక్కడికీ పోదు, మీరూ రండి."

వదినతో కలిసి ముగ్గురూ చెమటలు కక్కుతూ తీసుకెళ్లారు, తీసుకొచ్చారు. అక్క కుర్చీలో సర్దుకుని అంది: "మోటారు బిగించేదీ నేనే, మంచం దిగలేనిదీ నేనే. మొన్న ఒక్కటే రాసుకెళ్లారు. ఇవాళ రెండూ రాయండి."

రాశారు. సహాయకురాలు మళ్లీ వస్తోంది. కానీ ఆఫీసు వాళ్లు "ప్రస్తుతానికి" అన్నారు. ఆ మాట మీద అక్కకి నమ్మకం లేదు, నాకూ లేదు. అటు వెళ్లినప్పుడు, పొద్దెక్కినా కొట్టు తెరవకపోతే తలుపు తట్టండి. సహాయకురాలు వచ్చిందా అని అడగండి. రాలేదంటే ఆఫీసుకి మీరూ ఒక ఫోన్ కొట్టండి.