బావకి వినబడని సైరన్లు: విశ్వకర్మ పూజకి భిలాయి ప్రయాణం

ఎనభైల్లో నేను భిలాయి వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు, బావని ఉద్యోగం మాన్పించి తీసుకురావడానికి. ఆ ఎండాకాలం పుట్టింటికొచ్చిన అక్క, "మీ బావకి సెవులు పోనాయిరా. కార్ఖానాలో గంట కొట్టినా ఇనపడదు. ఏదో ఒకనాడు ఏటైనా అయిపోద్ది, నువ్వొచ్చి సెప్పు" అని ఏడ్చింది. తీసుకొస్తానని మాటిచ్చాను. సెప్టెంబరులో యంత్రాలకి చేసే విశ్వకర్మ పూజనాడు ఇంట్లోవాళ్ళని కార్ఖానా లోపలికి రానిస్తారు కనక ముందురోజు బయల్దేరాను. విజయనగరంలో సాయంత్రం రైలెక్కితే రాయగడ మీదుగా పొద్దున్నకి రాయ్‌పూర్. అక్కడ బండి మారి భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో దిగాను. అక్కావాళ్ళుండే ఖుర్సీపార్‌కి రెండు రూపాయలన్న రిక్షావాడు సగం దారిలో "ధూప్ బహుత్ హై భయ్యా" అంటూ ఎండ పేరు చెప్పి మూడు చేశాడు. తిట్టుకుంటూనే ఇచ్చాను.

బావది ఇనుము పోతపోసే చిన్న కార్ఖానాలో అంచులు చెక్కే పని. పొద్దస్తమానం చెవి పక్కనే మోత. ఆ రోజు మాత్రం యంత్రాలన్నీ బంతిపూల దండలతో, కుంకుమ బొట్లతో పెళ్ళికూతుళ్ళలా కూర్చున్నాయి. బావ బూందీ ప్రసాదం నా చేతిలో, అక్క చేతిలో పెట్టి, గొంతు చించుకుని అన్నీ చూపించాడు.

"ఈ సైరను పొడుగ్గా ఒకే తీరున కూస్తే షిఫ్టు. లేస్తా పడతా కూస్తే పరిగెత్తాల. లోపల కన్నాల చక్రం ఉంటాది, మోటారు తిప్పితే గాలిని ముక్కలు కోస్తాది. అదే కూత. ఈ ఎర్రపెట్టెలో అద్దం మీటని నొక్కిపట్టుంచుతాది. నిప్పంటుకుంటే అద్దం పగలగొట్టు, మీట బయటికొస్తాది, గంట మోగుద్ది."

అంతలో పూజ చేసిన క్రేన్‌ని శాస్త్రానికి నాలుగడుగులు కదిపారు. నెత్తిమీద గంట గణగణలాడింది. అందరూ పక్కకి జరిగారు. బావ మాత్రం దానికి వీపుపెట్టి మాట్లాడుతూనే ఉన్నాడు. అక్క బావ చెయ్యి పట్టి లాగబోయేలోపు, నా మొహం చూసి తనే తప్పుకున్నాడు.

"ఎలా తెలిసింది బావా?"

"నీ కళ్ళు పైకెళ్ళాయి కదేటి. రోజూ ఇంతే. ఎదురుగా దుర్గ్ నుంచొచ్చే భయ్యా ఒకడు పనిచేస్తాడు. ఆడు తలెత్తితే నేనూ ఎత్తుతాను, ఆడు పరిగెడితే నేనూ పరిగెడతాను."

"ఆ భయ్యా దీపావళికి పని మానేస్తన్నాడు," అంది అక్క, బావకి కనబడకుండా నావైపు తిరిగి.

బావకి ఎదురుగా నిలబడి, "మనూరు వచ్చేయ్" అన్నాను.

"వచ్చి? సెవిటోడికి అక్కడ పనెవడిస్తాడు? ఇక్కడింకా ఎవడికీ తెలీదు. నువ్వూ సెప్పకు." అక్కవైపు చూసి, "భయ్యా పోతే కొత్తోడెవడో వస్తాడులే," అన్నాడు.

సాయంత్రం ఒక్కణ్ణే రైలెక్కాను. స్టేషన్‌కొచ్చిన అక్క దారికని ఇంకో పొట్లం బూందీ నా సంచిలో పెట్టింది. తిట్టుంటే బాగుండేది. ఆ సైరన్లు చేసినవాళ్ళు తెలివైనవాళ్ళే, దేనికేది మోగాలో అన్నీ ఆలోచించారు. రోజంతా ఆ మోతలో నిలబడేవాడికి చెవులుంటాయా అని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ ఏమీ చెయ్యలేకపోయాను. దీపావళి దాటితే బావ బతుకు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు తలెత్తడం మీద ఆధారపడుతుంది, వాడికి ఆ సంగతే తెలియదు.

విశ్వకర్మ పూజకి అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: కార్ఖానాలో ఎవరినీ వెనకనుంచి పిలవకండి. ఎదురుగా వెళ్ళి, మొహం కనబడేలా నిలబడండి.