సాక పోసిన చేయి

మగ్గాల పనికి గుజరాత్ వచ్చిన మనవాళ్లుండే గోడాదరాలో కనకవ్వను అందరూ నెమ్మదస్తురాలంటారు. మగ్గాల మోత మధ్య అరిచి మాట్లాడడం అలవాటైన ఆ గల్లీలో ఆమె గొంతు పక్కింటికి కూడా వినబడదు. సిరిసిల్ల వైపు నుంచి పెళ్లయి వచ్చింది మొదలు, ఇంట్లో కూర్చొని చీరలకు రాళ్లు అతికిస్తూ, మొగుడు మొండయ్య డ్యూటీకి సద్ది కడుతూ బతికింది. కూతురు సంతోషి పెద్దదవుతుంటే ఇంట్లో సందడి వచ్చింది. తల్లిని 'అవ్వా' అని పిలుస్తూ, హిందీ, గుజరాతీ, తెలుగు కలిపి ఆ పిల్ల వాగుతుంటే సగం అర్థం కాకపోయినా కనకవ్వ నవ్వేది.

పదో తరగతిలో ఉండగా సంతోషికి జ్వరం పట్టుకుంది. పళ్లు కొరుకుతూ ఏదేదో కలవరించింది. మొండయ్య అక్క మొగుడు సోమలింగం వచ్చి చూశాడు. ఆయనది పల్సానాలో మిల్లు పని. మంగళవారం వస్తే పోచమ్మ పూనుతుందని మనవాళ్లంతా ఆయన దగ్గరికి పోయేవారు.

"దవాఖాన ఏందిరా? తల్లి వచ్చి కూసున్నది. గోలీలు బంద్ జెయ్యి" అన్నాడు.

అమ్మవారు పూనినప్పుడు నీళ్లడిగితే నోటికి ఇవ్వరు. పసుపు, వేపాకు కలిపిన నీళ్లు కాళ్ల ముందు నేల మీద పోస్తారు. అదే సాక. సంతోషి నీళ్లడిగింది. కనకవ్వ సాక పోసింది. మళ్లీ అడిగింది. మళ్లీ పోసింది. మర్నాడు పిల్ల ఒళ్లు చల్లబడుతుంటే మొండయ్య భుజాన వేసుకొని ఆస్పత్రికి పరుగెత్తాడు గానీ అప్పటికే అంతా అయిపోయింది. డాక్టరు పోలీసులకు చెప్పాడు. సోమలింగం మీద కేసు పడింది.

కనకవ్వ సాక్ష్యం చెప్పే వారం వచ్చింది. ఆ ఆదివారం పక్కింటి గంగవ్వ, మనసు మళ్లుతుందని కనకవ్వను, మొండయ్యను టీవీ ముందు కూర్చోబెట్టింది. తీరా అది దయ్యం సినిమా. పట్టిన దయ్యాన్ని వదిలిస్తుంటే పిల్ల చచ్చిపోతుంది. పూజారిని కోర్టుకెక్కిస్తారు. తల్లి బోనులో నిలబడి, చంపింది దయ్యమే అంటుంది. పూజారిని వదిలేస్తారు.

"అయ్యో, ఆ పిల్ల గోడలెక్కుతుంటే నా పానం పోయిందనుకో! ఇగ మా ఆయన బాత్రూముకు గూడ నన్నే తోడు రమ్మంటడు" అని నవ్వబోయి, కనకవ్వ మొహం చూసి గంగవ్వ నాలుక కరుచుకుంది.

ఇంటికి రాగానే మొండయ్య అన్నాడు: "సూసినవా? నువ్వు గూడ గట్లనే జెప్పు. నీళ్లడిగింది అమ్మవారే అని. బావ లోపలికి పోతే మా అక్క బతుకు రోడ్డు మీద పడ్తది. మనకు గూడ జర నిమ్మలమైతది."

"మన సంతోషి గోడలెక్కలే గదయ్యా."

"ఏంది?"

"పండుకొనే ఉన్నది. సన్నగ మూలిగింది. గంతే."

కోర్టులో మాట గుజరాతీ. తెలుగులో చెప్పడానికి ఒకాయనను పెట్టారు. సోమలింగం చేతులు కట్టుకొని నిలబడ్డాడు, బాగా చిక్కిపోయాడు. పాడె మోసినప్పుడు ఆయన కూడా ఏడ్చాడు. అది కనకవ్వకు గుర్తుంది.

ఆయన తరఫు వకీలు అడిగాడు: "నీకు పోచమ్మ మీద నమ్మకం ఉందా?"

"ఉన్నది సారూ. ఇప్పటికీ మొక్కుత."

"అయితే నీళ్లడిగింది అమ్మవారే కదా?"

అవునంటే చాలు. ఆ నేల మీద పోసినదంతా పూజే అవుతుంది. మొండయ్య వెనక బెంచీ మీద నుంచి ఆమెనే చూస్తున్నాడు.

"కాదు. అందరం తల్లీ, తల్లీ అని మొక్కుతున్నం. అది నా దిక్కు జూసి 'అవ్వా, నీళ్లియ్యి' అన్నది. పోచమ్మ నన్ను అవ్వా అని ఎందుకు పిలుస్తది? నా బిడ్డే పిలిచింది. నాకు తెలిసింది. సోమలింగమన్న నోటికియ్యొద్దన్నడు, తెలిసి గూడ కింద పోసిన."

తెలుగు చెప్పే ఆయన ఆ మాటలన్నీ గుజరాతీలో చెప్పాడు.

బయటికి వచ్చాక మొండయ్య గేటు దగ్గర ఆగాడు. "గా ఒక్క మాట మింగితే ఏమయితుండె? నిన్ను గూడ లోపలేస్తరేమో."

"ఏయనీ. అది ఆఖరికి పిలిచింది నన్నేనయ్యా. గది గూడ అమ్మవారికిస్తే నాకేం మిగుల్తది?"

బస్సు వస్తే మొండయ్య ఆమె వైపు చూడకుండా ఎక్కేశాడు.

కేసు ఇంకా నడుస్తోంది. ఆడపడుచు గడప తొక్కడం మానేసింది. మొండయ్య అన్నం దగ్గర ఒకటి రెండు మాటలు మాట్లాడతాడు. సంతోషి మాట మాత్రం ఎత్తడు.