ఇంకొక్క రూపాయి పెరిగితే

“ఇంతకీ నీ జీతం ఎంతే?”

అక్క ఫోన్లో ఈ మాట అడిగినప్పుడు చెల్లెలు అంకె చెప్పలేదు. దాచుకోవాలని కాదు, ఆమెకు నిజంగానే తెలియదు. పొద్దున డాలరు రేటు చూసి రూపాయల్లోకి మార్చుకుంటే ఒక అంకె వచ్చేది, మధ్యాహ్నానికి ఇంకొకటి.

“ఎంతని చెప్పనక్కా? రోజూ మారుతుంది.”

“జీతమా, జ్వరమా?” అంది అక్క.

చెల్లెలిది పరదేశంలో ఒక డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేసే పని. వయసు ముప్పై ఎనిమిది. పెళ్లి చేసుకుంది, విడిపోయింది, ఆ రెండిటి గురించీ మాట్లాడదు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తుంది, మైనంతో పన్ను ఆకారం చెక్కుతుంది, లోహపు తొడుగు మీద పింగాణీ పిండిని సన్నని కుంచెతో పొరలు పొరలుగా పెట్టి చిన్న కొలిమిలో కాలుస్తుంది. పింగాణీ కాలితే ముడుచుకుంటుంది. అందుకని పన్నును కావలసినదానికంటే ఐదో వంతు పెద్దగా కట్టాలి. ఆ ఐదో వంతు ఆమెకు కొలబద్ద లేకుండానే కంటికి తెలుస్తుంది. ఇరవై మంది పనిచేసే ఆ గదిలో ముందు పళ్లన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. దవడ పన్ను కాస్త తేడా వచ్చినా నడిచిపోతుంది. ముందు పన్ను తేడా వస్తే పెట్టించుకున్నవాడు నవ్వడు, డబ్బూ ఇవ్వడు.

ఆమె అక్కడికి చేరడానికి అయిన ఆరు లక్షలూ అక్కవే. పరీక్ష రుసుము, లైసెన్సు, ఏజెంటు, టికెట్టు అన్నీ కలిపి. అక్క బస్టాండు ఎదురుగా ఒక అద్దె గదిలో జిరాక్స్ షాపు నడుపుతుంది. ఆ గదిని ఎప్పటికైనా కొనుక్కోవాలని పదిహేనేళ్లు పేజీ పేజీకీ కూడబెట్టిన డబ్బు అది. దీన్ని ఎవరైనా త్యాగమంటే ఆవిడకు ఒళ్లు మండుతుంది. “త్యాగమేంటి నా మొహం! అప్పు. గది అమ్మకానికి వచ్చిన రోజు తిరిగివ్వాలని చెప్పే ఇచ్చా” అంటుంది. వడ్డీ మాత్రం వద్దంది.

మొదటి ఏడాది చెల్లెలు అక్కడి డబ్బులోనే జీతం తీసుకుంది. నెలనెలా మిగిలింది మిగిలినట్టు పంపి రెండు లక్షలు తీర్చింది. ఏడాది చివర్లో ఆ దేశపు డబ్బు విలువ కాస్త జారింది. చివరి మూడు నెలలూ ఎంత పంపినా అక్కకు తక్కువే చేరింది. సరిగ్గా అప్పుడే గది యజమాని అమ్ముతానన్నాడు. బయానా అక్క కట్టేసింది. మిగతా నాలుగు లక్షలు జూన్ ముప్పైలోగా కట్టకపోతే గది పక్కనున్న మొబైల్ షాపు వాడికి పోతుంది.

ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. జీతం ఏ డబ్బులో కావాలో ఉద్యోగే ఎంచుకోవచ్చు. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి కాగితం ఇస్తారు. దాని మీద మూడు గళ్లు: అక్కడి డబ్బు, డాలర్లు, లేదా ఇంటి దగ్గరి ఖాతాకు నేరుగా రూపాయలు. ఒకసారి గుర్తు పెడితే ఆరు నెలలు కదలడానికి లేదు. జనవరిలో ఆమె డాలర్ల గడిలో టిక్కు పెట్టి ఇస్తే జీతాల గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

“మీరు అద్దె డాలర్లలో కడతారా?”

“లేదండీ.”

“అప్పు డాలర్లలో ఉందా?”

“రూపాయల్లో.”

“మరి మధ్యలో ఈ డాలరెందుకమ్మా మీకు?”

“అందరూ అదే తీసుకుంటున్నారు కదండీ.”

“అందరూ అంటే?”

అందరూ అంటే ఆమెతో ఒకే గదిలో అద్దెకుంటూ బేకరీ కౌంటర్లో పనిచేసే ఆవిడ. ఆవిడ కొడుకు డాలర్లలో ఫీజు కట్టే చోట చదువుతున్నాడు కాబట్టి ఆవిడకు డాలర్లు అవసరం. ఆ సంగతి గుమాస్తాకు చెబితే నవ్వుతాడని ఊరుకుంది. అలా ఆమె తినేది ఒక డబ్బు, తీర్చాల్సింది ఇంకో డబ్బు, సంపాదించేది ఈ రెండూ కాని మూడో డబ్బు అయింది. చదువుకున్నవాళ్లు దీన్ని ముందుచూపు అంటారు. డాలరు గట్టిదని, గట్టిదాన్ని పట్టుకున్నవాడు మునగడని పత్రికల్లో రాస్తారు. మునగడం సంగతి ఏమో గానీ పట్టుకున్నవాడికి నిద్ర మాత్రం ఉండదు.

ఖర్చులకు నెలనెలా కొన్ని డాలర్లు అక్కడి డబ్బులోకి మార్చుకోవాలి. ఆమె ఉండే మేడ కింద ఒకటి, ట్రామ్ స్టాపు దగ్గర ఒకటి, చేపల బజారు వెనక ఒకటి, మూడు మార్పిడి దుకాణాలు. మూడింటి బోర్డులూ చూసి వస్తే గాని ఒక్క నోటు తీసేది కాదు. చేపల బజారు వాడు పది పైసలు ఎక్కువిస్తాడని అంత దూరం నడిచేది, తిరిగి రావడానికి ఓపిక లేక ట్రామ్ ఎక్కేది. టికెట్టు ఖరీదు ఆ లాభానికి రెండింతలు.

“రేటమ్మా, ఈ రోజు ఎండ ఎంతుంటుందో కూడా అందులో చూసి చెప్పు” అనేది బేకరీ ఆవిడ. పళ్లు తోముకుంటూ కూడా ఆమె ఫోన్ చూడడం ఆవిడకు అలవాటైపోయింది.

మిగిలినదాన్ని మాత్రం డాలర్లుగానే ఖాతాలో ఉంచింది. నెలకు తొమ్మిది వందల అరవై. మే చివరికి ఐదు జీతాల మీద నాలుగు వేల ఎనిమిది వందలు పోగయ్యాయి. ఆ రోజు రేటు ప్రకారం నాలుగు లక్షలకు పైన మూడు వేల చిల్లర. అక్క గదికి సరిపోతుంది. ఒక మీట నొక్కితే చాలు.

నొక్కలేదు. డాలరుకు ఇంకొక్క రూపాయి పెరిగితే నాలుగు వేల ఎనిమిది వందలు ఊరికే వస్తాయి. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం ఆమెకు చేతకాలేదు. జూన్ ఏడున అక్క ఫోన్ చేసింది.

“ఏమే, పంపావా?”

“ఒక్క వారం ఆగక్కా. పెరుగుతుందంటున్నారు.”

“ఎవరంటున్నారు?”

“చార్ట్ చూస్తే తెలుస్తుందిలే.”

“నా గదికి చార్ట్ లేదే, తారీఖు ఉంది.”

“ముప్పయ్యో తేదీ కదా. ఇంకా ఇరవై రోజులుంది. నీ డబ్బుకే కదా నేను లాభం చూస్తోంది!”

“సరే, నీ ఇష్టం” అని అక్క పెట్టేసింది. అక్క సరే అంటే ఒప్పుకున్నట్టు కాదని తెలుసుకోవడానికి చెల్లెలికి ముప్పై ఎనిమిదేళ్లు చాలలేదు.

ఆ వారం రేటు పెరగలేదు. తర్వాతి వారం అర్ధరూపాయి తగ్గింది. ల్యాబ్‌లో కొలిమి వేడెక్కే ఆరు నిమిషాల్లో, ప్లాస్టర్ గట్టిపడే పదిహేను నిమిషాల్లో, చేతుల పిండి తుడుచుకోకుండానే ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీసేది. తెర మీద తెల్లటి వేలిముద్రలు పడేవి. ఒక మధ్యాహ్నం అలా చూస్తూ ఉండగా కొలిమిలో నాలుగు ముందు పళ్లు ఎక్కువ కాలాయి. అంచులు గుండ్రంగా కరిగి, గాజులా మెరుస్తూ బయటికి వచ్చాయి. ఆ పళ్లు ఒక పెళ్లికొడుకు తండ్రివి. పెళ్లి ఎల్లుండి. ఆమె సాయంత్రం బస్సు వదిలేసి మళ్లీ మొదటి నుంచి కట్టింది.

సూపర్వైజర్ అరవలేదు. కాలిపోయిన నాలుగు పళ్లనూ తెచ్చి ఆమె ఫోన్ మీద వరసగా పేర్చి పోయాడు.

జూన్ ఇరవై ఐదుకు రేటు రూపాయిన్నర పడింది. ఇప్పుడు ఉన్నదంతా మార్చినా నాలుగు లక్షలకు నాలుగు వేలు తక్కువ. నాలుగు వేలు బేకరీ ఆవిడ దగ్గర చేబదులు తీసుకోవచ్చు. ఆవిడ అడగకముందే ఇస్తానంది కూడా.

“పంపెయ్యవే తల్లీ. ఆశ లావు, పీక సన్నం అంటారు నీలాంటివాళ్లనే.”

“పడినప్పుడు అమ్మితే నష్టం ఖాయమైపోతుందండీ. ఆగితే మళ్లీ లేస్తుంది.”

“లేచేది రేటు. మీ అక్క గది లేచిపోతే?”

ఆమె డబ్బు పంపలేదు. ముప్పయ్యో తేదీ నాడు అక్కకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. అక్కా చేయలేదు, ఆ తర్వాత రెండు నెలలూ అంతే. జులై మొదటి వారంలో ల్యాబ్‌లో మళ్లీ కాగితాలు పంచారు. ఇప్పుడు మారిస్తే ఓడినట్టేనని మళ్లీ డాలర్ల గడిలోనే టిక్కు పెట్టింది. గుమాస్తా ఈసారి కళ్లజోడు కూడా పైకి తోసుకోలేదు. జూన్, జులై మిగులు లైసెన్సు రెన్యూ చేయించుకోవడానికి సరిపోయింది. ఆ నాలుగు వేల ఎనిమిది వందలు మాత్రం ముట్టుకోలేదు.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన రేటు లేచింది. పడిందంతా పూడి, మే చివరి రేటుకు పైన సరిగ్గా రూపాయి. ఆమె ల్యాబ్ మెట్ల మీద నిలబడే మొత్తం అక్క ఖాతాకు పంపింది. నాలుగు లక్షల ఎనిమిది వేలు. వెంటనే ఫోన్ చేసింది. గొంతులో గెలుపు దాగలేదు.

“అక్కా, చెప్పానా! రూపాయి ఎక్కువకే మార్చాను. నాలుగు వేల ఎనిమిది వందలు లాభం. యజమానిని ఇంకో రెండు నెలలు గడువు అడిగావా? ఇప్పుడు కట్టెయ్.”

“గది జూన్ ఇరవై ఎనిమిదినే నా పేరు మీదికి వచ్చింది” అంది అక్క.

“ఎలా?”

“వడ్డీకి తెచ్చా. నెలకు నూటికి మూడు. ఈ రోజుతో రెండు నెలలు.”

నాలుగు లక్షలకు నూటికి మూడు చొప్పున రెండు నెలలు. పళ్లలో ఐదో వంతు లెక్క కంటికే తెలిసే మనిషి ఆ ఇరవై నాలుగు వేలు తేల్చడానికి వేళ్లు మడవాల్సి వచ్చింది. లాభం నాలుగు వేల ఎనిమిది వందలు. కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత సామెత. ఆమె ఎలుక కోసం అక్క చేత కొండను తవ్వించింది.

“నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా అక్కా! ఆ క్షణమే పంపేదాన్ని.”

“జూన్ పదిహేనో తారీఖుకే తెలుసే నువ్వు పంపవని. ఆ రోజే పోయి మాట్లాడుకుని వచ్చా.”

“అంటే నన్ను నమ్మలేదా?”

“నమ్మితే ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతుండేవాళ్లు.”

ఫోన్లో అక్క వెనక జిరాక్స్ మెషిన్ తిరుగుతున్న చప్పుడు, ఎవరో రెండు వైపులా కావాలని అడగడం వినిపించాయి. చెల్లెలే ముందు తేరుకుంది.

“ఎక్కువొచ్చిన ఎనిమిది వేలు వడ్డీ కింద వేసుకో. మిగతా పదహారు వేలు వచ్చే జీతంలో పంపుతా.”

“ఎనిమిది వేలు వచ్చేశాయి కాబట్టి ఉంచుకుంటా. ఆ పదహారు పంపకు. నిన్ను అడక్కుండా నేను తెచ్చుకున్న అప్పది. నువ్వు కడితే, నువ్వు చెడగొట్టింది నేను సర్దినట్టవుతుంది. నాకా లెక్క వద్దు.”

“మరి ఏ లెక్క?”

“ఏ లెక్కా వద్దు. పనుంది, పెట్టేస్తున్నా.”

చెల్లెలు వినలేదు. సెప్టెంబరు జీతంలోంచి పదహారు వేలకు సరిపడా డాలర్లు మార్చి పంపింది. నాలుగు రోజులకు అవే పదహారు వేలు ఆమె ఇంటి దగ్గరి ఖాతాలో తిరిగి పడ్డాయి. అక్టోబరులో మళ్లీ పంపింది, మళ్లీ వెనక్కి వచ్చాయి. ఈ రాకపోకల్లో బ్యాంకు రుసుములే ఎనిమిది వందలు దాటాయి. ఫోన్లో ఇద్దరూ మాట్లాడుకుంటారు, కొత్త మెషిన్ గురించి, షట్టరుకు వేయించిన రంగు గురించి, మోకాలి నొప్పి గురించి. పదహారు వేల మాట వచ్చేసరికి అక్కకు ఎవరో కస్టమర్ వచ్చేస్తాడు.

జనవరిలో చెల్లెలు మూడో గడిలో, నేరుగా రూపాయల్లో, టిక్కు పెట్టింది. అద్దెకు, తిండికి కావలసినంత మాత్రం అక్కడి డబ్బులో ఇమ్మంది. అలా సగం సగం ఇవ్వడం కూడా కుదురుతుందని గుమాస్తా అప్పుడు చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదన్నాడు. ఇప్పుడు ఆమె నోటు మార్చాల్సిన పనే లేదు. అయినా కొలిమి వేడెక్కే ఆరు నిమిషాల్లో చెయ్యి ఏప్రన్ జేబులోకి పోతూనే ఉంది. మేడ మెట్లు దిగుతూ కింది దుకాణం బోర్డు చదవకుండా ఒక్క రోజూ దాటలేదు. ఏమిటమ్మా ఇంకా, అని బేకరీ ఆవిడ అడిగితే, ఏం లేదండీ, ఊరికే, అంటుంది.

ఫిబ్రవరిలో మూడోసారి పంపింది. ఐదో రోజున డబ్బు తిరిగొచ్చింది. అక్కకు పదహారు వేలు ఇంకా ఇవ్వాలి.